కంటికి కనిపించని విషం

ఆంధ్రప్రదేశ్‌కు నైరుతి మూలన, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులను ఆనుకొని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలున్నాయి. ఇవి ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగానికి చెందినవి. సముద్ర మట్టానికి రెండు వేల అడుగులకు పైబడిన ఎత్తులో ఉండడం వల్ల ఇక్కడి వాతావరణం మిగిలిన రాయలసీమ కంటె చల్లగా ఉంటుంది. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరు పొందింది. వానను నమ్ముకొని పండించే వేరుశనగ, సంగటికి ఆధారమైన రాగి, పట్టుపురుగులకు మేతయైన మల్బరీ ఈ నేలలోని ఇతర ముఖ్యమైన పంటలు. ఈ నాలుగు పంటలకూ ఉమ్మడి శత్రువులు శిలీంధ్రాలు. మనం వాడుకలో బూజు అని పిలిచే జీవుల వర్గమే ఇది.

శిలీంధ్రానికి నోరు లేదు, పళ్ళు లేవు, కాళ్ళు లేవు. పత్రహరితం లేనందున మొక్కవలె తన ఆహారాన్ని తాను తయారుచేసుకోలేదు. సన్నని దారాలవంటి తంతువులతో ఇతర జీవులలోనో, మృత పదార్థాలలోనో వ్యాపించి, అక్కడి పోషకాలను పీల్చుకొని జీవిస్తుంది. అటువంటి అల్పజీవి నిలువెత్తు మొక్కను ఎలా పడగొట్టగలుగుతున్నది? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు కనుగొన్న సమాధానాలలో ముఖ్యమైనది విషం. అనేక శిలీంధ్రాలు తమ దేహంలో విషపదార్థాలను తయారుచేసి చుట్టుపక్కల కణాలలోకి విడుదల చేస్తాయి. ఆ విషానికి మొక్క కణాలు చనిపోతాయి, లేదా వాటి గోడలు సడలి లోపలి పోషకాలు బయటికి కారుతాయి. ఆ పోషకాలే శిలీంధ్రానికి ఆహారం.

ఈ విషాన్ని మనం చూడలేకపోయినా, అది చేసిన పనిని టమాటా ఆకుపై చూడవచ్చు. మదనపల్లె ప్రాంతంలో టమాటా రైతును తరచుగా బాధించే తెగుళ్ళలో 'ఎర్లీ బ్లైట్' అనే ఆకుమాడు తెగులు ఒకటి. దీనికి కారణం ఆల్టర్నేరియా సొలాని అనే శిలీంధ్రం. మొదట ముదురు ఆకులపై గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి. ఒక్కొక్క మచ్చలో ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు, గురిచూసి కొట్టే బాణపు లక్ష్యంవలె కనిపిస్తాయి. ఆ మచ్చ చుట్టూ పసుపుపచ్చని అంచు ఒకటి వ్యాపించి ఉంటుంది. శిలీంధ్రపు తంతువులు ప్రధానంగా గోధుమరంగు భాగంలో ఉంటాయి. పసుపు అంచు వరకు అవి ఇంకా చేరకపోవచ్చు. అయినా అక్కడి పత్రహరితం నశించిపోతుంది. శిలీంధ్రం కంటె ముందుగా దాని విషం ప్రయాణం చేస్తున్నదన్నమాట. ఆల్టర్నేరియా సొలాని నుండి 1949లో వేరుచేసిన ఆల్టర్నారిక్ ఆమ్లం ఇటువంటి విషాలలో ఒకటి. సైన్యం రాకముందే కోటపై బాణాలు పడినట్లు, ఆకు కణాలు శత్రువును కలుసుకోకముందే బలహీనపడిపోతాయి.

మొక్కల వ్యాధులలో విషాల పాత్ర గురించిన ఆలోచన కొత్తది కాదు. జర్మనీ దేశపు శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ 1886లో స్క్లెరోటీనియా అనే శిలీంధ్రాన్ని పరిశీలించి, దాని నుండి వెలువడే ద్రవానికే మొక్క కణాలను చంపగల శక్తి ఉన్నదని గుర్తించాడు. ఆ తరువాత అనేక దేశాలలో పరిశోధనలు సాగాయి. అయితే ఒక చిక్కు ఎదురైంది. ప్రయోగశాలలో గాజు కుప్పెలో పెంచిన శిలీంధ్రం ఎన్నో రసాయనాలను తయారుచేస్తుంది. వాటిలో కొన్ని మొక్కకు హాని చేసినంత మాత్రాన, పొలంలో వచ్చిన తెగులుకు అవే కారణమని చెప్పడం ఎలా? కుప్పెలో కనిపించినది మొక్కలోనూ ఉన్నదని నిరూపించాలి కదా!

అమెరికా శాస్త్రవేత్తలు డైమండ్, వాగనర్ 1953లో ఈ నిరూపణకు కొన్ని నియమాలను సూచించారు. ఆ విషం తెగులు సోకిన మొక్కలోనే లభించాలి. దానిని శుద్ధిచేసి దాని రసాయన స్వభావాన్ని నిర్ధారించాలి. ఆ శుద్ధ పదార్థాన్ని ఆరోగ్యమైన మొక్కకు ఇచ్చినప్పుడు తెగులు లక్షణాలలో కొన్నైనా కనిపించాలి. ఈ పరీక్షలకు నిలిచిన విషానికి వారు 'వైవోటాక్సిన్' అని పేరు పెట్టారు. నేరారోపణకు సాక్ష్యం ఎంత అవసరమో, తెగులుకు కారణం చెప్పడానికీ అంతే అవసరమని ఈ నియమాలు తెలియజేస్తాయి.

ఈ రంగంలో మనకు పొరుగుననే గొప్ప కృషి జరిగింది. మద్రాసు విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర శాఖలో ఆచార్య టి. ఎస్. సదాశివన్, ఆయన శిష్యులు 1950ల దశకంలో ప్రత్తి ఎండు తెగులుపై పరిశోధనలు చేశారు. ఈ తెగులును కలిగించే ఫ్యుజేరియం శిలీంధ్రం నేలలో నివసిస్తుంది. వేళ్ళ గుండా ప్రవేశించి, నీటిని పైకి తీసుకుపోయే దారునాళాలలో స్థిరపడుతుంది. మొక్క నీళ్ళున్న నేలలోనే నిలబడి వాడిపోతుంది. ఫ్యుజేరియం తయారుచేసే ఫ్యుజేరిక్ ఆమ్లాన్ని జపాను శాస్త్రవేత్తలు 1934లోనే గుర్తించారు. తెగులు సోకిన ప్రత్తి మొక్కలోనే ఆ ఆమ్లం ఉన్నదని చూపిన ఘనత మద్రాసు పరిశోధకులది. ఫ్యుజేరిక్ ఆమ్లం మొక్కలోని లోహ అణువులను బంధించి, కణత్వచాల పనిని చెడగొడుతుంది. భారత ప్రభుత్వం 1974లో సదాశివన్‌ను పద్మభూషణ్‌తో సత్కరించింది.

టమాటాలోనూ ఫ్యుజేరియం వల్ల ఎండు తెగులు వస్తుంది. ఉదయం పచ్చగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి తల వాల్చుతుంది. నీరు చాలలేదేమోనని రైతు తడి ఇస్తాడు. తడి ఇచ్చినా మొక్క లేవదు. కాండాన్ని నిలువుగా చీల్చి చూస్తే నాళాలు గోధుమరంగుకు మారి ఉంటాయి. నాళాలు పూడిపోవడం వల్ల మొక్క వాడిపోతున్నదా, విషం వల్ల వాడిపోతున్నదా అని శాస్త్రజ్ఞుల మధ్య చాలాకాలం వాదం నడిచింది. రెండింటికీ అందులో పాత్ర ఉన్నదనేది నేటి అవగాహన.

శిలీంధ్ర విషాలను స్థూలంగా రెండు విధాలుగా విభజించవచ్చు. మొదటి రకం విషాలు విచక్షణ లేనివి. ఫ్యుజేరిక్ ఆమ్లం వంటివి ఎన్నో రకాల మొక్కలను బాధిస్తాయి. రెండవ రకం విషాలు ఆతిథేయ విశిష్టమైనవి. అంటే, శిలీంధ్రం ఏ మొక్కపై, ఆ మొక్కలో కూడ ఏ వంగడంపై తెగులు కలిగిస్తుందో, దాని విషం కూడ దానికి మాత్రమే హాని చేస్తుంది. పక్కనే ఉన్న మరో వంగడానికి ఏమీ కాదు. జపానులో 'నిజిస్సెయికి' అనే బేరిపండు రకానికి మాత్రమే నల్లమచ్చ తెగులు వస్తున్న కారణాన్ని అన్వేషిస్తూ తనాకా అనే శాస్త్రవేత్త 1933లో ఇటువంటి విషం ఉనికిని మొదటిసారిగా వెల్లడించాడు. తాళంచెవి తన తాళాన్ని మాత్రమే తెరిచినట్లు, ఈ విషం తగిన గురి ఉన్న కణంలోనే పనిచేస్తుంది.

ఈ రకం విషం ఎంతటి నష్టం కలిగించగలదో 1970లో అమెరికా చవిచూసింది. ఆ దేశంలో సంకర మొక్కజొన్న విత్తనాలను చవకగా ఉత్పత్తి చేయడానికి 'టెక్సాస్' అనే ఒక ప్రత్యేక కణద్రవ్యం గల తల్లి మొక్కలను వాడేవారు. అందువలన దేశంలోని మొక్కజొన్నలో అత్యధిక భాగం ఒకే మూలానికి చెందినదయింది. ఆ మూలానికి చెందిన మొక్కల మైటోకాండ్రియాలను దెబ్బతీసే 'టి-టాక్సిన్' గల శిలీంధ్రం ఒకటి అప్పుడు తలయెత్తింది. ఒక్క ఏడాదిలో దేశపు మొక్కజొన్న పంటలో దాదాపు 15 శాతం నష్టమయింది. దిగుబడి బాగున్నదని వేలాది ఎకరాలలో ఒకే వంగడాన్ని వేయడంలో ఎంత ప్రమాదం దాగి ఉన్నదో ఈ సంఘటన లోకానికి చాటింది. ఒకే రకం సంకర టమాటా వైపు అందరూ ఒకేసారి మొగ్గే ప్రాంతాలకూ ఈ పాఠం వర్తిస్తుంది.

కుప్పం, పుంగనూరు ప్రాంతాల ప్రజలకు ముఖ్యాహారమైన రాగికి వచ్చే అగ్గి తెగులు మరొక ఉదాహరణ. ఈ తెగులు నారుమడి నుండి కంకి వరకు ఏ దశలోనైనా రావచ్చు. ఆకులపై నూలుకండె ఆకారపు మచ్చలు పడతాయి. కంకి మెడను పట్టినప్పుడు గింజ పాలుపోసుకోక తాలుగా మిగిలిపోతుంది. వరిలో అగ్గి తెగులును కలిగించేది కూడ ఇదే వర్గానికి చెందిన పైరిక్యులేరియా శిలీంధ్రం. ఇది బలాన్నీ, విషాన్నీ రెంటినీ ప్రయోగిస్తుంది. ఆకుపై పడిన సిద్ధబీజం మొలకెత్తి, ఒక చిన్న బుడగవంటి నిర్మాణాన్ని ఏర్పరుస్తుంది. వాతావరణ పీడనానికి 80 రెట్ల వరకు ఒత్తిడిని అందులో పెంచుకొని, సూదివంటి మొనతో ఆకు చర్మాన్ని ఛేదిస్తుంది. లోపల ప్రవేశించిన తరువాత విషాల పని మొదలవుతుంది. వరి అగ్గి తెగులు శిలీంధ్రం నుండి పైరిక్యులారిన్, టెన్యుయాజోనిక్ ఆమ్లం వంటి విషాలను శాస్త్రజ్ఞులు వేరుచేశారు.

సూర్యరశ్మి మొక్కకు ప్రాణాధారం. ఆ రశ్మినే ఆయుధంగా మార్చుకొన్న శిలీంధ్రాలు కూడ ఉన్నాయి. మల్బరీ, మిరప వంటి పంటలలో ఆకుమచ్చలను కలిగించే సెర్కోస్పోరా అనే ప్రజాతికి చెందిన అనేక శిలీంధ్రాలు సెర్కోస్పోరిన్ అనే ఎర్రని పదార్థాన్ని తయారుచేస్తాయి. చీకటిలో అది దాదాపు నిరపాయకరం. వెలుగు తగలగానే ఆ శక్తిని గ్రహించి, గాలిలోని ఆక్సిజన్‌ను తీవ్రంగా చర్య జరిపే రూపంలోకి మారుస్తుంది. ఆ ఆక్సిజన్ కణత్వచాలలోని కొవ్వు పదార్థాలను ధ్వంసం చేస్తుంది. తనలో ఉన్న సెర్కోస్పోరిన్‌ను మాత్రం శిలీంధ్రం చర్యకు వీలులేని రూపంలో ఉంచుకొని తాను క్షేమంగా ఉంటుంది. మచ్చలు పడిన మల్బరీ ఆకులో పోషక విలువ తగ్గుతుంది. ఆ ఆకు తిన్న పట్టుపురుగు మంచి గూడు అల్లలేదు. ఆ విధంగా ఆకుపై పుట్టిన మచ్చ పట్టు రైతు ఆదాయం వరకు పాకుతుంది.

ఇంతవరకు చెప్పుకొన్న విషాలు మొక్కకు హాని చేసేవి. శిలీంధ్ర విషాలలో కొన్ని ధాన్యంలోనూ, గింజలలోనూ నిలిచిపోయి పశువులకు, మనుషులకు ప్రాణాంతకంగా పరిణమిస్తాయి. ఈ రెండు రకాల మధ్య ఉన్న గీత చాలా సన్ననిది. టమాటా కాండంపై పుండ్లను కలిగించే ఒక ఆల్టర్నేరియా శిలీంధ్రానికి 'ఎ.ఎ.ఎల్.' అనే విషం ఉన్నది. మొక్కజొన్నపై పెరిగే ఒక ఫ్యుజేరియం 'ఫ్యుమోనిసిన్' అనే విషాన్ని తయారుచేస్తుంది. వీటి రసాయన నిర్మాణాలు అక్కచెల్లెళ్ళవలె ఉంటాయి. 1995లో దక్కను పీఠభూమిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలకు చెందిన కొన్ని గ్రామాల ప్రజలు, వానకు తడిసి బూజుపట్టిన జొన్న, మొక్కజొన్నలను తిని కడుపునొప్పి, విరేచనాలతో బాధపడ్డారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశీలించి, దానికి కారణం ఫ్యుమోనిసిన్ అని తెలియజేశారు. తడిసిన ధాన్యాన్ని పారవేయలేని పేదరికమే ఆ ప్రజలను రోగులను చేసింది.

వేరుశనగలో ఈ ప్రమాదం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపుపచ్చని బూజు నేలలోనే ఉంటుంది. మొలకలను కుళ్ళజేయగలదు, కాయలోకి చొరబడి గింజను పాడుచేయగలదు. ఇది తయారుచేసే విషం పేరు అఫ్లటాక్సిన్. శిలీంధ్రం పేరులోని మొదటి అక్షరాలతోనే ఈ పేరు ఏర్పడింది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోడి పిల్లలు అకస్మాత్తుగా మరణించాయి. కారణం తెలియక దానికి 'టర్కీ ఎక్స్ వ్యాధి' అని పేరు పెట్టారు. చివరకు ఆ పక్షులు తిన్న దాణాలోని వేరుశనగ చెక్కపై అనుమానం నిలిచింది. ఆ పరిశోధనల ఫలితంగానే అఫ్లటాక్సిన్ వెలుగులోకి వచ్చింది. దీనిలో 'బి', 'జి' అనే రకాలున్నాయి. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసేది 'బి', ఆకుపచ్చగా మెరిసేది 'జి'. ఆ రంగుల ఆంగ్ల నామాల మొదటి అక్షరాలే ఈ పేర్లు.

మన దేశంలో 1974లో ఇంతకంటె ఘోరం జరిగింది. రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామాలలో అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్నను తిన్నవారికి కామెర్లు వచ్చాయి. 397 మంది వ్యాధి పాలయ్యారు. వారిలో 106 మంది మరణించారు. అదే ఆహారం తిన్న కుక్కలు కూడ చనిపోయాయి. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడికి వెళ్ళి, ధాన్యాన్ని పరీక్షించి, అఫ్లటాక్సిన్ వల్ల కాలేయం దెబ్బతిన్నదని నిర్ధారించారు. అంత ఎక్కువ మోతాదు అరుదు. అయితే కొద్దికొద్దిగా చాలాకాలం శరీరంలో చేరినా అది కాలేయ క్యాన్సరుకు దారితీయగలదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లటాక్సిన్లను మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

ఈ విషానికి రుచిగాని, వాసనగాని లేదు. బూజు దులిపి వేసినా గింజలో అది మిగిలి ఉంటుంది. ఉడికించినా, వేయించినా పూర్తిగా నశించదు. గానుగలో నూనె తీసిన తరువాత విషంలో ఎక్కువ భాగం చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్కను పాడి పశువు తింటే, దాని పాలలో 'ఎం1' అనే మారురూపంలో ఈ విషం తిరిగి మన ఇంటికే చేరుతుంది. మన దేశపు ఆహార భద్రతా నిబంధనల ప్రకారం, శుద్ధి చేయవలసిన వేరుశనగ గింజలలో అఫ్లటాక్సిన్ కిలోకు 15 మైక్రోగ్రాములు మించరాదు. అంటే వెయ్యి టన్నుల గింజలలో 15 గ్రాములు. ఐరోపా దేశాలు నేరుగా తినే గింజలకు విధించిన పరిమితి 4 మైక్రోగ్రాములు మాత్రమే. ఈ పరిమితిని దాటిన సరుకు ఓడరేవు నుండి వెనుకకు వస్తుంది. అందువలన ఇది ఆరోగ్య సమస్యతోపాటు రైతు బ్రతుకు సమస్య కూడ.

మెట్ట ప్రాంతపు వేరుశనగకు ఈ బెడద ఎక్కువ. పంట చివరి నెలలో వాన ముఖం చాటేస్తే నేల వేడెక్కుతుంది. కాయలో తేమ తగ్గుతుంది. వేరుశనగ గింజ సాధారణంగా శిలీంధ్రాన్ని ఎదిరించే కొన్ని రక్షక రసాయనాలను తనంతట తానే తయారుచేసుకొంటుంది. బెట్ట ముదిరితే ఆ శక్తి సన్నగిల్లుతుంది. అదే సమయంలో శిలీంధ్రం విజృంభిస్తుంది. ఇక తీసిన పంట కల్లంలో ఉండగా వాన కురిస్తే విషం పెరగడానికి మరొక అవకాశం కలుగుతుంది. లేనప్పుడు రాని వాన, అక్కరలేనప్పుడు రావడం ఈ సీమ రైతుకు కొత్త కాదు.

విషం చేరిన తరువాత తొలగించడం కష్టం కనుక, చేరకుండ చూడడమే మార్గం. శిలీంధ్రనాశని మందు శిలీంధ్రాన్ని చంపగలదు గాని, అప్పటికే గింజలో ఉన్న విషాన్ని తీసివేయలేదు. ఈ సత్యం తెలియక మందుపై మందు చల్లడం వల్ల ఖర్చు పెరుగుతుందే తప్ప ఫలితం దక్కదు. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరువులో 1972లో స్థాపితమైన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ ఈ సమస్యపై విశేషంగా కృషి చేసింది. తక్కువ ఖర్చుతో అఫ్లటాక్సిన్‌ను గుర్తించే పరీక్షా పద్ధతిని రూపొందించింది. పూత దశలో జిప్సం వేయడం, చివరి దశలో వీలైతే ఒక తడి ఇవ్వడం, కాయ పక్వానికి రాగానే పీకడం, పీకిన మొక్కలను కాయలు పైకి వచ్చేటట్లు తిరగవేసి ఆరబెట్టడం వంటి పద్ధతులు శాస్త్రజ్ఞులు సూచించేవి. పగిలిన కాయలను, తాలు కాయలను, రంగు మారిన గింజలను వేరుచేయాలి. తేమ 8 శాతానికి తగ్గేవరకు ఎండబెట్టి, నేల చెమ్మ తగలని చోట సంచులను నిలువ చేయాలి. కాయను చెవి దగ్గర ఊపితే గలగలమనడం ఎండిందనడానికి పెద్దలు చెప్పిన గుర్తు. తేమను కొలిచే పరికరం చెప్పేది కూడ ఆ మాటనే, మరింత కచ్చితంగా.

టమాటా, రాగి, మల్బరీ పంటలకు కూడ నివారణ మార్గాలు ఇటువంటివే. తెగులు సోకిన ఆకులను, మోళ్ళను పొలంలో వదలకుండ ఏరివేయాలి. ఒకే పంటను ఒకే మడిలో ఏటేటా వేయకుండ పంట మార్పిడి చేయాలి. విత్తనశుద్ధి పాటించాలి. నిరోధక శక్తి గల వంగడాలను ఎన్నుకోవాలి. ఈ చివరి పనిలో శిలీంధ్ర విషాలే శాస్త్రజ్ఞులకు సహాయకారులవుతున్నాయి. ప్రయోగశాలలో వేలాది మొక్క కణాలకు విషాన్ని తగిలించి, దానికి తట్టుకొని నిలిచిన కణాల నుండి కొత్త మొక్కలను పెంచే ప్రయత్నాలు జరిగాయి. శత్రువు ఆయుధమే ఇక్కడ వీరుని ఎంపికకు పరీక్షగా మారింది.

మచ్చ చుట్టూ ఏర్పడిన పసుపు అంచును చూచి దాని వెనుక ఏమి జరుగుతున్నదో గ్రహించగలిగిన రైతు, సరైన సమయంలో సరైన పని చేయగలుగుతాడు. కల్లంలో ఒక రోజు ఎక్కువగా ఎండబెట్టిన కాయలు, ఎక్కడో ఊరూ పేరూ తెలియని ఒక పసిబిడ్డ గిన్నెలోని అన్నాన్ని, పాలను కాపాడతాయి. ఆ ఒక్క రోజు శ్రమకు తగిన ధరను రైతుకు చెల్లించే బాధ్యత, ఆ పంటను తినే సమాజం మీద ఉన్నది.